ముక్కు లోపలి పుండుకి ఏ ఆయింట్‌మెంట్? ముందు పుండు ఎక్కడుందో చూడండి

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. రెండు నెలలుగా ఎడమ ముక్కు లోపల పుండు. పక్కు కడుతుంది, ఊడుతుంది, రక్తం చుక్క కనబడుతుంది, మళ్లీ పక్కు. విజయవాడలో మీ వీధి చివర మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే మూడు రోజులు హాయిగా ఉండి, ఆపగానే మళ్లీ మొదటికొస్తోంది. దీనికి అసలైన ఆయింట్‌మెంట్ పేరు చెప్పమన్నారు.

పేర్లు చెప్తాను, కానీ ఒక్క పేరు చెప్పి వదిలేస్తే మీకు లాభం లేదండీ. ముక్కులో ఒక చోటికి పనికొచ్చే ట్యూబు ఇంకో చోటికి పనికిరాదు. పైగా చాలామందికి పుండు మానేది ట్యూబులోని మందు వల్ల కాదు, ఆ చోటు ఎండిపోకుండా ఉండటం వల్ల.

నేను డాక్టర్ని కాదు. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ షాపు గుమాస్తాని. సరుకు ముమ్మరంగా దిగే రోజుల్లో, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, పొద్దున్నే టిక్కీల (మిర్చి బస్తాల) కుట్లు విప్పి కాయ చూపించడం మొదలైందంటే గాలంతా ఘాటే. తేజ రకం దిగిన రోజున కొత్తగా వచ్చినవాళ్లు నిలబడలేరు. హమాలీలు తుండు బిగించి కట్టుకుంటారు, మేం మాస్కులు పెట్టుకుంటాం, అయినా తుమ్ములు తప్పవు. తుమ్మడం, చీదడం, తుడవడం, మళ్లీ తుమ్మడం. దానికి తోడు మార్చి దాటితే ఎండ. మా షాపులో సీజనుకి ఒక్కరికైనా ముక్కులో పుండు ఖాయం. ఒక సీజన్లో నా వంతు కూడా వచ్చింది. విదేశాల్లో కొన్నిచోట్ల ఎలర్జీ కాని మొండి జలుబుకి మిరపలోని క్యాప్సైసిన్‌నే కొలిచి ముక్కులో కొట్టి వైద్యం చేస్తారట, నరాల కొసలు మొద్దుబారి తుమ్ములు తగ్గుతాయని. మా వాళ్లకి చెప్తే, అయితే మాకు జన్మలో జలుబు రాకూడదే అన్నారు. కొలతా జాడా లేని దుమ్ముకి ఆ గుణం ఎక్కడుంటుంది, అది పొరని మండించి ఎండగొట్టడమే తప్ప.

కొత్తపేటలో ఒక ఈఎన్‌టీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. అక్కడ లోపలి గదిలోనే తరవాతి పేషెంటు కూడా కూర్చుని ఉంటాడు కాబట్టి ఒకరిది ఒకరికి వినబడుతుంది. నా ముందు ఇంటర్ చదివే కుర్రాడు, వాళ్ల నాన్న. కుర్రాడి ముక్కులో చిన్న పట్టకారు లాంటిది పెట్టి వెడల్పు చేసి, నుదుటి లైటు వేసి చూసి, "గిల్లుతున్నావా" అని అడగలేదావిడ. "ఏ వేలుతో?" అంది. వాడు ఆలోచించకుండా వేలు చూపించేశాడు. వాళ్ల నాన్న నవ్వాపుకోలేకపోయాడు. తరవాత ఆవిడ ఆ కుర్రాడికి గోళ్లు కత్తిరించుకోమని, ఒక ఉప్పునీళ్ల స్ప్రే, పెట్రోలియం జెల్లీ రాసి పంపించేసింది. యాంటీబయాటిక్ రాయలేదు. నాకు మాత్రం ముపిరోసిన్ రాసింది. ఇద్దరికీ ముక్కులో పుండే కదా, మందు వేరెందుకని అడిగితే తెర మీద నా ముక్కు లోపలి బొమ్మ చూపించి చెప్పింది.

మీరూ ఇంట్లో కొంతవరకు చూసుకోవచ్చు. అద్దం ముందు నిలబడి, ముక్కు కొన పైకెత్తి, ఫోను టార్చి వేయండి. వెంట్రుకలున్న ముందు భాగం, అర అంగుళం ఉంటుంది, అది చర్మమే. మన చేతి మీది చర్మం లాంటిదే. అది దాటితే గులాబీ రంగులో తడిగా మెరిసేది పొర. రెండు ముక్కులకీ మధ్య గోడ ఉంటుంది చూశారా, దాని ముందు భాగంలో సన్నని రక్తనాళాలు వల అల్లినట్టు కలుస్తాయి. లిటిల్స్ ఏరియా అంటారు. ముక్కు వెంట రక్తం కారేవాళ్లలో దాదాపు 90 శాతం మందికి అక్కడి నుంచే కారుతుంది. మన ఇళ్లలో "వేడి చేసింది" అని మజ్జిగ తాగించే రక్తం చాలావరకు ఇదే. మజ్జిగ మంచిదేగానీ ఆ గోడకి కావాల్సింది తడి.

వెంట్రుకల భాగంలో పుండయితే సంగతి వేరు. రమారమి 30 శాతం మందికి ఏ జబ్బూ లేకుండానే ఆ చోట స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా కాపురం ఉంటుంది. వెంట్రుక పీకినా, చీది చీది చర్మం ఒరుసుకుపోయినా అది లోపలికి దిగుతుంది. ముక్కు కొన తాకితే నొప్పి, ఎర్రబడటం, తేనె రంగు పక్కులు, ఒక్కోసారి చిన్న సెగగడ్డ. నాది ఇదే. దీనికే ముపిరోసిన్.

ముపిరోసిన్ 2 శాతం, మన దగ్గర ఎక్కువగా టీ-బ్యాక్ట్ పేరుతో దొరుకుతుంది, వేరే కంపెనీలవీ ఉన్నాయి. బ్యాక్టీరియా తన ప్రొటీన్లు తయారు చేసుకోకుండా అడ్డుపడుతుంది, అంతే దాని పని. ఫంగస్‌కీ వైరస్‌కీ పనిచేయదు. ఇందులో చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. చర్మానికి అమ్మే మామూలు ముపిరోసిన్ ఆయింట్‌మెంట్ మాక్రోగాల్ అనే జిడ్డులేని బేస్‌లో కలుపుతారు. తడి పొరకి తగిలితే అది చుర్రుమంటుంది. ముక్కు కోసమే చేసిన రకం వేరే ఉంది, అందులో మెత్తటి పారఫిన్ బేస్ ఉంటుంది. నాకు మామూలుదే ఇచ్చి, వెంట్రుకల భాగం దాటి లోపలికి పోనీయొద్దని గట్టిగా చెప్పారు. మీరు రాసిన ట్యూబు మంట పెట్టిందంటే మందు పడలేదనే అనుకోనక్కర్లేదు, బేస్ పడకపోయి ఉండొచ్చు. డాక్టరుకి ఆ మాట చెప్పండి.

ఎంత రాయాలంటే అగ్గిపుల్ల తల అంత. నేను ఇయర్‌బడ్ మీద శనగగింజంత తీసుకుంటే డాక్టరమ్మ దాన్ని తుడిపించేసి మళ్లీ పెట్టించింది. ముక్కు లోపలి అంచుకి అద్ది, బయట నుంచి రెండు పక్కలా వేళ్లతో నొక్కి వదిలితే అదే పరుచుకుంటుంది. రోజుకి రెండు, మూడుసార్లు, డాక్టరు చెప్పినన్ని రోజులు. ముపిరోసిన్‌ని 10 రోజులు దాటించొద్దంటారు, ఎక్కువ వాడితే బ్యాక్టీరియా దానికి అలవాటు పడి రేపు అవసరమైనప్పుడు పనిచేయదు. మిగిలిన సగం ట్యూబు ఫ్రిజ్ తలుపులో దాచి ఇంటిల్లిపాదికీ ప్రతి గాయానికీ పూయడం మనకి మామూలే. అది మాత్రం వద్దు.

ఫ్యూసిడిక్ యాసిడ్ క్రీము కూడా కొందరు డాక్టర్లు ఇదే పనికి రాస్తారు. సోఫ్రామైసిన్, నియోస్పోరిన్ సంగతి అడుగుతారేమో. మొదటిదానిలో ఫ్రామైసెటిన్, రెండోదానిలో నియోమైసిన్ తదితరాలు ఉంటాయి. రెండూ దగ్గరి చుట్టాలే, కొందరి చర్మానికి ఎలర్జీ తెప్పిస్తాయి. రాసేకొద్దీ ఎర్రబడి దురద పెరుగుతుంటే పుండు ముదిరిందనుకుని ఇంకా దట్టించేవాళ్లని చూశాను. పౌడర్ల జోలికైతే అసలు పోకండి. తడి ఉండాల్సిన చోటిని ఎండగొట్టి పక్కుని గట్టిపరచడం తప్ప అవి చేసేదేం లేదు.

ఇప్పుడు మీ ట్యూబు దగ్గరికి వద్దాం. మూడు రోజులు హాయి, ఆపితే మళ్లీ మొదలు అన్నారు చూడండి, నాకు అనుమానం అక్కడే. ట్యూబు వెనక చిన్న అక్షరాలు చదవండి. బీటామెథాసోన్, క్లోబెటాసాల్, బెక్లోమెథాసోన్, ఇలాంటి పేరేదైనా ఉంటే అందులో స్టెరాయిడ్ ఉన్నట్టే. స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపిన క్రీములు మన మందుల షాపుల్లో గజ్జికీ తామరకీ దద్దురుకీ అన్నింటికీ ఇచ్చేస్తారు. 2018లో కేంద్రం చర్మానికి రాసే స్టెరాయిడ్ క్రీములని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. కౌంటర్ల దగ్గర జరిగేది మీకూ తెలుసు, నాకూ తెలుసు. స్టెరాయిడ్ ఏం చేస్తుందంటే ఎరుపు, వాపు, దురద వెంటనే తగ్గిస్తుంది. కాబట్టి నయమైనట్టుంటుంది. లోపల ఇన్ఫెక్షన్ ఉంటే దాని పని అది చేసుకుపోతూనే ఉంటుంది, చర్మం పల్చబడుతుంది, గాయం మానడం నెమ్మదిస్తుంది. ఎలర్జీకి ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రేలు వేరే విషయం, అవి ఆ చోటుకే తయారు చేసినవి. చర్మపు క్రీముని అక్కడ వాడటమే తప్పు.

ఆ స్ప్రేలూ పుండు చేయగలవు లెండి. ఫ్లూటికాసోన్, మొమెటాసోన్ వాడేవాళ్లు స్ప్రే కొనని నిట్టనిలువుగానో మధ్య గోడ వైపుకో గురిపెడితే రోజూ అదే చోట తగిలి పక్కులు, రక్తం. కుడిచేత్తో ఎడమ ముక్కులోకి, ఎడమచేత్తో కుడి ముక్కులోకి కొట్టుకుంటే స్ప్రే దానంతటదే బయటి గోడ వైపు, అంటే చెవి వైపు తిరుగుతుంది. ఇంత చిన్న మార్పుకే తగ్గిపోయినవాళ్లున్నారు. ముక్కు దిబ్బడకి వాడే ఆక్సీమెటాజోలిన్, జైలోమెటాజోలిన్ చుక్కలు మాత్రం మూడు నుంచి ఐదు రోజులు దాటకూడదు. దాటితే దిబ్బడ తిరగబెడుతుంది, పొర కూడా ఎండిపోతుంది.

మీ పుండు మధ్య గోడ మీద, నొప్పి పెద్దగా లేకుండా, ఉత్త పక్కూ రక్తమూ మాత్రమే అయితే, ఆ కుర్రాడికి చెప్పిందే మీకూ వర్తిస్తుందని నా అనుకోలు. గాయం ఎండి పక్కు కడితేనే మానుతున్నట్టని మనకో నమ్మకం. 1962లో జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త పందుల చర్మం మీద చేసిన ప్రయోగంలో, తడి ఆరకుండా కప్పి ఉంచిన గాయం మీద కొత్త చర్మం ఎండిన గాయం కన్నా రెట్టింపు వేగంగా పరుచుకుంది. కొత్త కణాలు పక్కు కింద దారి వెతుక్కుంటూ పాకాలి, తడి ఉంటే సాఫీగా జరుగుతాయి. ముక్కులో ఇంకో చిక్కు, ఊపిరి తీసినప్పుడల్లా ఆ గోడ మీదుగా గాలి కొడుతూనే ఉంటుంది. ఏప్రిల్లో, అందులోనూ ఏసీలో పడుకుంటే పక్కు కట్టక ఏం చేస్తుంది?

అందుకని ముందు ఉప్పునీళ్లు. మందుల షాపులో ముక్కుకి సెలైన్ స్ప్రే, సెలైన్ జెల్ అని అడిగితే ఇస్తారు, ఖరీదు తక్కువే. రోజుకి నాలుగైదుసార్లు కొట్టుకున్నా ఇబ్బంది లేదు. ఇంట్లో చేసుకోవాలంటే లీటరు నీళ్లకి 9 గ్రాముల ఉప్పు, అంటే పావు లీటరు గ్లాసుకి అర టీస్పూను కన్నా కాస్త తక్కువ. నీళ్లు మరిగించి చల్లార్చినవే అయి ఉండాలి. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు నేరుగా ముక్కులోకి వద్దు. మెదడుకి ఎక్కే అమీబా వల్ల కేరళలో మనుషులు చనిపోయిన వార్తలు మీరూ చదివే ఉంటారు, అది ఎక్కేది ముక్కులోంచే. చేసిన నీళ్లు ఆ పూటకే, మర్నాటికి దాచొద్దు.

తడి చేశాక దాన్ని నిలపడానికి పైన పల్చగా జెల్లీ. తెల్లటి పెట్రోలియం జెల్లీ, వాసనలూ రంగులూ లేనిది. లోతుగా పెట్టొద్దు. ముక్కు పొర మీద కంటికి కనబడని నూగు ఒకటుంటుంది, అది పైన పడినదాన్ని నిమిషాల్లో గొంతు వైపు నెట్టేస్తుంది. లోపల దట్టించిన జెల్లీ పుండు మీద నిలవదు, గొంతులోకి జారుతుంది. ముందు భాగంలో రాసింది మాత్రమే నిలుస్తుంది. నెలల తరబడి రాత్రిళ్లు ముద్దలు ముద్దలుగా పెట్టుకుని పడుకుంటే ఆ జిడ్డు ఊపిరితిత్తుల్లోకి చేరి ఒకరకం నిమోనియా రావచ్చు, అరుదేననుకోండి. అందుకే పడుకునే నిమిషంలో కాకుండా భోజనాలకి ముందే రాయమని మాకు చెప్పారు. ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకునే పెద్దవాళ్లుంటే వాళ్లకి పెట్రోలియం జెల్లీ వద్దు, నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. నీళ్ల బేస్ జెల్ వాడాలి.

మా అమ్మ మాత్రం నువ్వుల నూనె చుక్క అంటుంది. తీసిపారేయలేను. పొడిబారిన ముక్కుకి ఉప్పునీళ్ల కన్నా శుద్ధి చేసిన నువ్వుల నూనె బాగా పనిచేసిందని స్వీడన్‌లో చేసిన అధ్యయనం ఉంది. కాకపోతే అది శుద్ధి చేసిన నూనె. గానుగ నూనెలో పసుపు కలిపి మరగబెట్టి లోపల పోసే వైద్యానికి దాన్ని సాక్ష్యం తేకూడదు. పచ్చి పుండు మీద పసుపు, వెల్లుల్లి రసం లాంటివి నేనైతే పెట్టను, ఎవరినీ పెట్టనివ్వను.

ఆడవాళ్లెవరైనా చదువుతుంటే ఒక మాట. మా అక్కకి ఎన్ని ట్యూబులు మార్చినా తగ్గని పుండు ముక్కుపుడక లోపలి మర దగ్గరే ఉంది. పై రాయి బంగారమే, లోపలి మర మటుకు ఏదో కలగాపులగం లోహం. అందులోని నికెల్ పడకపోయి ఉంటుందని డాక్టరమ్మ అంది. కొన్నాళ్లు తీసేసి, ఆ తరవాత మర కూడా బంగారంతో చేయించుకుంది. పుండు పోయింది.

రక్తం కారితే తల వెనక్కి వంచి నెత్తిన నీళ్లు కొట్టడం మానేయండి. ముందుకు వంగి, ముక్కు మెత్తటి భాగాన్ని రెండు వేళ్లతో గట్టిగా నొక్కి, నోటితో ఊపిరి తీసుకుంటూ 10 నుంచి 15 నిమిషాలు వదలకుండా ఉండాలి. మధ్యలో వదిలి చూసుకుంటే మళ్లీ మొదటి నుంచి లెక్క. ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పల్చబరిచే మాత్రలు వాడేవాళ్లకి ఆగడం ఆలస్యమవుతుంది, అలాగని సొంతంగా మాత్ర ఆపొద్దు. అదే నాళం మాటిమాటికీ పగులుతుంటే డాక్టర్లు సిల్వర్ నైట్రేట్ పుల్లతో అద్ది మూసేస్తారు. మధ్య గోడకి రెండు వైపులా ఒకేసారి మాత్రం కాల్చరు, గోడకి చిల్లు పడుతుందని.

రెండు నెలలన్నారు, అందులోనూ ఒక్క వైపే. ఇది ట్యూబు ఎంచుకునే దశ దాటిపోయిందండీ. మామూలు పుండు కదిలించకపోతే రెండు వారాల్లో మానాలి. మానలేదంటే కారణం వెతకాలి. ముందు షుగర్ పరీక్ష చేయించుకోండి, తెలియకుండా షుగర్ ఉన్నవాళ్లకి పుళ్లు ఇలాగే మొరాయిస్తాయి. ఊపిరి తీస్తుంటే ఈల వినబడితే మధ్య గోడకి చిల్లు పడి ఉండొచ్చు. దుర్వాసనతో పెద్ద పెద్ద పచ్చటి పక్కులు ఊడుతుంటే అది పొర చిక్కిపోయే వేరే జబ్బు, దానికి 25 శాతం గ్లూకోజ్ కలిపిన గ్లిజరిన్ చుక్కలు రాస్తారు. క్షయ, కుష్ఠు కూడా ముక్కులో పుండుతో బయటపడొచ్చు. ఒంటి మీద స్పర్శ లేని మచ్చలేమైనా ఉంటే అదీ చెప్పండి. కణితి కాదని తేల్చుకోవడానికి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాల్సి రావచ్చు.

రెండు సందర్భాల్లో అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. ఒకటి, ముక్కు కొన దగ్గర సెగగడ్డ లేచి వాపు బుగ్గకో కంటికో పాకి, జ్వరం, తలనొప్పి రావడం. ఆ చోటి సిరలు కంటి వెనగ్గా మెదడు కింది సిరల్లో కలుస్తాయి, అందుకే అక్కడి గడ్డని పిండకూడదంటారు. రెండోది, షుగర్ ఉన్నవాళ్లకి నల్లటి పక్కులు, బుగ్గ మొద్దుబారడం, కన్ను వాయడం. 2021లో కోవిడ్ రెండో వేవ్ తరవాత బ్లాక్ ఫంగస్ ఎంతమందిని పట్టుకుందో మనం చూశాం. దానికి ఏ ఆయింట్‌మెంటూ లేదు, ఆసుపత్రిలో చేర్చి యాంఫోటెరిసిన్ ఎక్కించాలి, ఆపరేషన్ చేయాలి.

మీకు ఇవేవీ లేకపోయినా ఈ వారంలోనే ఈఎన్‌టీకి చూపించుకోండి. ప్రైవేటుకి వెళ్లలేకపోతే విజయవాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఓపీ ఉంది, పొద్దున్నే వెళ్తే పని అవుతుంది. వెళ్లే రోజు ముక్కులో ఏమీ రాయకండి, జెల్లీ కూడా. పక్కు పీకి శుభ్రం చేసుకుని పోకండి, ఉన్నది ఉన్నట్టే చూడాలి వాళ్లు. వాడిన ట్యూబులన్నీ, అయిపోయిన ఖాళీవి సహా, కవర్లో వేసుకుని తీసుకెళ్లండి.